ఛాతీ ఎత్తు

సెలవు రోజున మా బాబాయి అడవిలోకి నిచ్చెన మోసుకుని వెళ్లేవాడు. పట్నం వాళ్లు యుద్ధం నాటి కందకాలు చూడ్డానికి వీపున సంచులు, చేతుల్లో కర్రలతో గుంపులుగా నడకకొస్తారు. వాళ్ల మధ్య ఈయన, భుజాన నిచ్చెన, చంకలో ఇనుమును పసిగట్టే డిటెక్టర్. తేనెపట్టు కొట్టేవాడేమో అనుకుని పక్కకి తప్పుకునేవాళ్లు.

బాబాయి కోత మిల్లులో పనిచేస్తాడు. మా అడవి చెట్ల ఒళ్లంతా యుద్ధపు ఇనుమే. గుండు ముక్కలు, తూటాలు లోపలికి దిగాక బెరడు మూసుకుపోతుంది, పైకి ఏమీ కనిపించదు. చూసుకోకుండా రంపం కింద పెడితే పళ్లు విరిగి ఎగురుతాయి. బాబాయి ఎడమ కన్ను అలాగే పోయింది. అందుకే ప్రతి దుంగనీ ముందు డిటెక్టర్‌తో తడమాలి. అది కూసిన చోట సుద్దతో గుర్తు పెట్టి, ఉలితో తొలిచి ఇనుము తీయాలి. మరీ ఎక్కువుంటే ఆ దుంగ కాల్చడానికి బాయిలర్‌లోకి పోతుంది. ఇదీ ఆయన పని.

ఆ డిటెక్టర్‌నే యజమానిని బతిమాలి సెలవు రోజున తెచ్చుకునేవాడు. తన తండ్రిని, అంటే మా తాతని, ఏ చెట్టుకి నిలబెట్టి కాల్చారో వెతకడానికి.

కాల్చారని బాబాయి ఒక్కడే అనేవాడు. ఊరి మాట వేరు. తాత అడవిలో బొగ్గులు కాల్చేవాడు, అక్కడి ప్రతి కాలిబాటా ఆయనకి తెలుసు. ఒక ఉదయం శత్రు సైనికులు ఇంటికొచ్చి ఆయన్ని తీసుకెళ్లారు. మర్నాడు ఆ సైన్యం కొండ వెనక నుంచి ఊరి మీద పడింది. తాతే దారి చూపించాడని, తర్వాత వాళ్లతోనే పోయి ఎక్కడో ఇంకో కాపురం పెట్టుకున్నాడని ఊరు తేల్చేసింది. నాయనమ్మ చాలాకాలం నమ్మలేదు. చివర్లో నమ్మింది. పోయే ముందు ఆయన చొక్కాలన్నీ తీసి పొయ్యిలో పెట్టింది. "అక్కడావిడకెంతమంది పిల్లలో" అంది. అప్పుడు పక్కనున్నది బాబాయే.

మా నాన్న మాత్రం "పోయినోడు పోయాడు, వదిలెయ్‌రా" అనేవాడు. నాన్న పెద్దవాడు, ఆయనకి తాత ముఖం గుర్తుంది. బాబాయికి గుర్తున్నది గుమ్మంలో ఎడమ బూటు చప్పుడు, అంతే. తాతకి ఎడమ కాలు పొట్టి. ఆ బూటు మడమ కింద తోలు మీద తోలు వేయించి, పొరపొరకీ మేకులు దట్టంగా కొట్టించుకున్నాడట.

ఊళ్లో కిరాణా కొట్టు ముసలాయన నోరు మంచిది కాదు. నడకవాళ్లు బాబాయిని దారి అడిగితే చాలు, కొట్లోంచే అందుకునేవాడు.

"అడగండి బాబూ, అడగండి. దారి చూపించడం వాళ్ల ఇంట్లో తండ్రి నాటి నుంచీ ఉన్న పనే."

బాబాయి దారి చూపించే వచ్చేవాడు.

ఈ చలికాలం అడవిలో కొండవైపు ముక్క కొట్టేస్తున్నారని తెలిసింది. ఆ దుంగలు వేరే ఊరి మిల్లుకి పోతాయి. తాత చెట్టు అందులో ఉంటే ఇక దొరకదు. కాలేజీ మానేసి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న నన్ను నిచ్చెన రెండో కొస పట్టుకోమన్నాడు. వెళ్లాను.

శుద్ధ పిచ్చి పనిలా అనిపించింది. ముసలి చెట్టు కనిపిస్తే చాలు నిచ్చెన వేయడం, ఎక్కడం, రెండు నిలువుల ఎత్తున చుట్టూ తడమడం, దిగడం.

"అంత పైనెందుకు బాబాయ్? తాతేమైనా తాటిచెట్టంత పొడుగా?"

"బుర్ర ఎక్కడ పెట్టుకున్నావురా? అప్పుడు ఛాతీ ఎత్తున తగిలింది. చెట్టు పెరిగింది. దాంతోపాటు తూటా పైకి పోదూ?"

మా ఊళ్లో అందరూ అనేది ఇదే. నేనూ తలూపాను.

మధ్యాహ్నం యుద్ధం నాటి కంచె పక్కన తినడానికి కూర్చున్నాం. అప్పట్లో ముళ్లతీగని ఇనప స్తంభాలకీ, మధ్యలో ఉన్న చెట్లకీ కలిపి బిగించేశారు. చెట్లు లావెక్కి తీగని మింగేశాయి.

"బాబాయ్, చూడు. స్తంభం దగ్గర తీగ నడుమెత్తు. చెట్టులోకి దూరిన చోట కూడా నడుమెత్తే. ఇది పైకి పోలేదేంటి?"

ఊరికే నవ్వించడానికన్నాను. ఆయన నమలడం ఆపేశాడు. లేచి వెళ్లి, తీగ బెరడులోకి దిగిన చోట అరచెయ్యి ఆనించాడు. ఇంకో చెట్టు దగ్గరికి వెళ్లాడు. తర్వాత ఇంకోటి.

"పోనీలే, మళ్లీ మొదట్నుంచి కిందే చూద్దాం" అన్నాను.

"అక్కర్లేదు. అది నా చేతుల మీదుగానే పోయింది."

నడకవాళ్ల కోసం బాట వెడల్పు చేసినప్పుడు, మొదటి మలుపులో ఒక పెద్ద చెట్టు కొట్టారు. దుంగ బాబాయి దగ్గరికే వచ్చింది. మొదలు నుంచి ఛాతీ ఎత్తున, అరచెయ్యంత చోట, గుప్పెడు తూటాలు. యుద్ధం నాటివైతే ఈపాటికి ఎంతో పైకి పోయి ఉండాలి, ఇవి మొన్నమొన్నటి వేటగాళ్లవి అనుకున్నాడు. బాయిలర్‌లోకి తోయించాడు.

"ఆ రోజు బాగా చలి" అన్నాడు. "అందరం దాని ముందు చేరి చేతులు కాచుకున్నాం."

నిచ్చెన అక్కడే వదిలేసి మలుపు దగ్గరికి వచ్చాం. మోడు ఇంకా ఉంది. కూర్చోడానికి బాగుంటుందని పైన చదును చేసి ఉంచారు. ఎవరో ఒకాయన దాని మీద కూర్చుని, సాక్సు విప్పి బొబ్బకి మందు రాసుకుంటున్నాడు.

"కాస్త లేస్తారా అండీ?" అన్నాడు బాబాయి.

"ఏం, ఇది మీదా?" అని నవ్వాడాయన.

"మాదే."

పేలని గుండ్లుంటాయి, తవ్వరాదు అని పక్కనే బోర్డు. బాబాయి మా ఇద్దర్నీ దూరంగా పంపేసి, డిటెక్టర్ కూసిన చోట ఉలితో తవ్వడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి వేళ్ల సందులో మేకులు బయటపడ్డాయి. తోలు ఎప్పుడో కుళ్లిపోయింది. మేకులు మాత్రం చెదరకుండా, మడమ ఆకారంలో, పొర కింద పొరగా ఉన్నాయి. తర్వాత ఎముకలు. మణికట్ల చుట్టూ ముళ్లతీగ.

కబురంది నాన్న వచ్చాడు. మేకుల్ని ఒక్కసారి చూసి మోడు మీద కూలబడ్డాడు. ఈసారి వదిలెయ్ అనలేదు.

కొట్టు ముసలాయన కూడా వచ్చాడు. గోతిలోకి తొంగి చూసి, "దారి చూపించాకే కాల్చారేమో, ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు.

నేను ఆయన మీదికి వెళ్లబోతే బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"చూపించాడో లేదో మీరే తేల్చుకోండి పెద్దాయనా. మమ్మల్ని వదిలేసి మాత్రం పోలేదు." మట్టి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "ఈ మాట చెప్పడానికి అమ్మే లేదు."

మిల్లులో ఇప్పుడు ఆ ఎత్తున గుత్తిగా కూసే దుంగ వస్తే బాబాయి బాయిలర్‌కి పంపడు. ఎక్కడ కొట్టారో లారీ వాళ్లని అడిగి, దాని మీదే సుద్దతో రాసి గోడవారగా దొర్లిస్తాడు. "ఇది మిల్లనుకున్నావా, శ్మశానమనుకున్నావా?" అని యజమాని కేకలేస్తాడు. బాబాయి ఇంకో దుంగ దొర్లిస్తాడు. వరస పెరుగుతోంది.

నిన్న ఒక ముసలావిడ గేటు దగ్గర చాలాసేపు నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. "మా అన్నయ్యది ఏమైనా వచ్చిందా బాబూ?" అని అక్కడి నుంచే అడిగింది.