డోలీలో రెండో బరువు

దెయ్యాల మాట ఎవరెత్తినా, "దాని బరువెంతో చెప్పండి, నమ్ముతాను" అనేవాణ్ణి. తూకమే నా బతుకు. బడి మొహం చూడకుండానే లెక్కలు నేర్చుకున్నాను. సంతలో చింతపండుకీ పసుపుకీ నా తక్కెడ మాటే ఆఖరి మాట.

మా ఊరు సాలూరు పైన, అరకు వైపు కొండల్లో. అల్లుడు కూలికి ఓడెక్కి బర్మాలోని రంగం పోవడంతో నా కూతురు పైడి ముందుగానే పురిటికి మా ఇంటికి వచ్చింది. అప్పటికే దగ్గుతోంది. కొన్నాళ్ళకి గుడ్డ మీద రక్తం కనిపించింది. గుర్రం మీద కొండలకి వచ్చే సాలూరు డాక్టరుగారు చూసి, క్షయ అన్నారు.

"వారం వారం తూకం వెయ్యి. బరువు పెరుగుతుంటే కదపొద్దు, ఘాటీ దారి కుదుపుకే కాన్పు వచ్చేస్తుంది. తగ్గితే మాత్రం ఒక్క పూట ఆగకుండా కిందికి దింపేయ్" అని చెప్పి వెళ్ళారు.

పెద్ద తక్కెడ తెచ్చి వసారా దూలానికి కట్టాను. ఒక పళ్ళెంలో పైడిని కూర్చోబెట్టి, రెండో దానిలో రాళ్ళు వేశాను.

"నన్ను కూడా సింతపండు బుట్టనాగ తూసేత్తన్నావేటి నానా?" అంది పైడి.

"బుట్టయితే ఇన్ని కబుర్లు సెప్పదే" అన్నాను. నవ్వబోయి దగ్గింది.

మా పక్క గూడెం బుద్రు అది చూసి మొహం ముడుచుకున్నాడు. డోలీలు మోసే కొండ మనిషి. "మేం సచ్చిన కణుజు దుప్పినే తూస్తాం బావూ. ఊపిరున్నదాన్ని తక్కెట్లో ఎక్కిత్తే పక్కన ఎవురో కూకుంటారు."

పట్టించుకోలేదు.

పైడి బరువు పెరిగింది. మరుసటి వారం ఇంకా పెరిగింది. కడుపుతో ఉన్న మనిషి బరువెక్కడం నాకు తెలియనిది కాదు. కానీ వారానికి రెండు వీశెలా? ఇటు చూస్తే గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. మెడ ఎముకలు పైకి తేలాయి.

నా అనుమానం నా భార్య అప్పలమ్మ మీదికి పోయింది. కారణం ఉంది. పైడి పుట్టకముందు మా అమ్మకీ ఇదే దగ్గు. డోలీలో సాలూరు దింపుతుంటే దారిలో, వాగు దగ్గర ప్రాణం పోయింది. అప్పటినించీ డోలీ పేరెత్తితే అప్పలమ్మ వణికిపోతుంది. దింపకుండా ఆపడానికి పిల్ల నడుముకి రాళ్ళు కడుతోందేమో అనుకున్నాను. తూకపు రాళ్ళు మార్చాను. తూచిన ఉప్పు బస్తాతో తక్కెడ సరిచూశాను. పైడిని ఒంటి చీరతో రమ్మని, పొరుగింటావిడ చేత వెతికించాను. ఏమీ దొరకలేదు.

అప్పలమ్మ ఊరుకోలేదు. "కన్నతల్లిని. రాళ్ళు కట్టి నా గుంటని నేనే సంపుకుంటానేటి?"

ఆ మాటతోనూ నా అనుమానం పోలేదు. ఆమె చేతులే చూస్తూ తిరిగాను.

ఒక పొద్దున పైడికి పడుకుంటే ఊపిరి ఆడలేదు. తూచాను. మళ్ళీ పెరిగింది. తక్కెడ కదపొద్దంటోంది, పిల్ల మొహం దింపమంటోంది. ఇన్నేళ్ళలో మొదటిసారి తూకాన్ని కాదన్నాను. బుద్రుకి కబురు పెట్టాను.

బుద్రూ, వాడి వెంట వచ్చిన ముగ్గురూ డోలీ ఎత్తగానే కర్ర వంగింది. బుద్రు వెనక్కి తిరిగి, "ఇద్దర్ని ఎక్కించినావేటి బావూ?" అన్నాడు. హాస్యమనుకున్నాను. వాడి మొహంలో నవ్వు లేదు.

మెల్లగా దిగారు. అడుగడుగుకీ వగరుస్తూ భుజాలు మార్చుకున్నారు. వాగు దాటుతుండగా కర్ర ఒక్కసారిగా పైకి లేచింది. నలుగురూ తూలి ఆగిపోయారు. పిల్ల జారిపోయిందనుకుని గుడ్డ తొలగించాను.

పైడి కళ్ళు తెరిచే ఉంది.

"మామ్మ దిగిపోనాది నానా. బేగి ఎల్లమంటంది."

ఆ తర్వాత వాళ్ళు పరుగులాంటి నడకతో సాలూరు చేర్చారు.

ఆసుపత్రి కాటా మీద పైడి నా ఆఖరి తూకంలో సగానికి కాస్త పైన తూగింది. "నీకు తూకం వచ్చని ఎవరయ్యా చెప్పింది?" అన్నారు డాక్టరుగారు. కాన్పు కష్టమైంది. బక్కపల్చని ఆడపిల్ల, కానీ గట్టిగా ఏడ్చింది. ఇంకో పూట ఆగి ఉంటే ఇద్దరూ దక్కేవారు కారట.

మామ్మ వాగు దగ్గర పోయిన సంగతి పైడికి అప్పలమ్మే చెప్పి ఉంటుందని నిలదీశాను. బిడ్డ మీద ఒట్టేసి, చెప్పలేదంది. సరే, ఇంకెవరో చెప్పారనుకుందాం. మరి నలుగురి భుజాలకి ఎవరు చెప్పారు? ఇంటికొచ్చాక అదే తక్కెడలో అదే ఉప్పు బస్తా తూచాను. చిన్నమెత్తు తేడా లేదు. తక్కెడ తప్పయి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

పైడి కాస్త కోలుకున్నాక, బిడ్డతో అదే డోలీలో తిరిగి వచ్చాం. అమ్మ దిగిన చోటే మళ్ళీ ఎక్కుతుందేమోనని వాగు ముందు డోలీ దింపించి, బిడ్డని నేనెత్తుకుని, పైడిని మెల్లగా నడిపించి దాటించాను. అవతల మళ్ళీ ఎక్కించాను. నలుగురూ ఎత్తారు.

"బరువెలాగుంది?" అని బుద్రుని అడిగాను.

వాడు వెనక్కి తిరగలేదు. భుజం మార్చుకున్నాడు.

"అడక్కు బావూ. నడు."

ఇప్పటికీ మళ్ళీ అడగలేదు. ఆ లెక్క మాత్రం నాకు తేలలేదు.