ఎర్రదూడకు అరువు వాసన

మా పక్కింటి డెలియా ఒకచోట నిలబడగా నేను చూడలేదు. మా మేయో జిల్లాలో ఈ సముద్రపు గాలికి చెట్లయినా వంగి నిలబడతాయి గానీ ఆవిడ నిలవదు. మొగుడు పోయాక మరిది ఫెస్టస్ సాయంతో, కాసిని ఆవులతో ఆ చిన్న పొలాన్ని నెట్టుకొస్తోంది.

ఆ రోజు పొద్దున్నే నల్లావు ఈనింది. దూడ చచ్చి పుట్టింది. డెలియా వెంటనే సంతకు పరిగెత్తి, మధ్యాహ్నానికి ఒక ఎర్రదూడను ట్రాలీలో వేసుకొచ్చింది. చచ్చిన దూడ తోలు కొత్తదాని వీపున కడితే, ఆ వాసనకు ఆవు తన బిడ్డే అనుకుని పాలిస్తుంది. మా వైపు అందరూ చేసే పనే. ఆవు ఒప్పుకోకపోతే మాత్రం దాన్ని కసాయికి తోలాల్సిందే, దూడ లేని ఆవును చలికాలమంతా ఊరికే మేపే స్తోమత డెలియాకు లేదు. కానీ ఆ నల్లావు పెయ్యగా ఉన్నప్పట్నుంచీ ఆవిడ చేతుల్లోనే పెరిగింది.

గేటు తీసిన ఫెస్టస్‌ను అడిగింది: "తోలేదీ?"

"ఏ తోలు?"

"నా తోలు! దూడదయ్యా!"

"చచ్చిన పశువుల్ని తీసుకెళ్ళే లారీవాళ్ళొస్తే దూడను ఇచ్చేశా వదినా. ఆవు దాన్ని నాకుతూ అరుస్తుంటే చూళ్ళేకపోయాను."

"నీ జాలి మండిపోనూ! నా ఆవు గొంతు కోశావు గదయ్యా!"

నాకుతూ నాకుతూ మాలిమి అవుతుందేమోనని ఎర్రదూడ వీపున ఉప్పు చల్లి చూశారు. నల్లావు ఉప్పంతా శుభ్రంగా నాకేసి, దూడను గోడకేసి కుమ్మింది. దూడ తల్లి కోసం ఒకటే ఏడుపు. డెలియా కొట్టంలోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి గేటు దాకా, మళ్ళీ కొట్టంలోకి. నేనిచ్చిన టీ ఎక్కడ పెట్టిందో ఆవిడకే తెలియదు. చూస్తుంటే నాకే కళ్ళు తిరిగాయి.

ఫెస్టస్ భయం భయంగా నోరు విప్పాడు. "వదినా, తిట్టనంటే ఒక మాట. నువ్వు బయటికెళ్తేనే ఆవు అరుస్తోంది. లోపలికొస్తే ఊరుకుంటోంది."

డెలియా ఆగిపోయింది. పొద్దున చచ్చిన దూడను బయటికి లాగినప్పటి స్వెట్టరే ఇంకా ఒంటి మీదుంది. ఉమ్మనీరు ఎండి అట్టకట్టింది. దాని మీదే వానకోటు తగిలించుకుని సంతకెళ్ళింది. మార్చుకోవడానికి నిలిస్తే గదా!

గబగబా విప్పి దూడ తలకు తొడిగి, ముందుకాళ్ళు స్వెట్టరు చేతుల్లో దూర్చింది. నల్లావు చాలాసేపు వాసన చూసింది. అది గొంతులోనే మెల్లగా మూలిగి, స్వెట్టరును నాకడం మొదలుపెట్టింది. తర్వాత పాలు చేపింది. దూడ పొదుగును కుమ్మి కుమ్మి తాగింది.

"బతికించావురా ఫెస్టస్!"

"ముందు ఈ కోటు వేసుకో వదినా, చలికి పోతావు."

డెలియా తలుపు దాకా వెళ్ళి ఆగింది. ఆవు అరవలేదు. తలైనా ఎత్తలేదు.

"చూశావా, అప్పుడే నన్ను మర్చిపోయింది," అని నాతో నవ్వబోయి, ఆ రోజుకి మొదటిసారి ఏడ్చింది.