హన్మమ్మ పెట్టిన తోడు

హన్మమ్మకు భానుప్రకాశ్ అంటే మొదటి రోజు నుంచే ఒళ్లుమంట. వనపర్తి ఊరి బయటి ఫార్మసీ కాలేజీలో ఎలుకల గది చూసుకునే పని ఆమెది, ఆరేళ్లుగా. పరిశోధన కోసమని అతను వచ్చి ఏడాది అయింది. వచ్చిన నాడే ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని, "ఈ కంపు నీదా, ఎలుకలదా?" అని అడిగి నవ్వాడు. ఆమె నవ్వలేదు, మరిచిపోనూ లేదు.

అతని పని కూడా ఆమెకు గిట్టదు. ఎలుకకు మత్తిచ్చి తలమీద కొలిచినట్టు ఒక దెబ్బ వేస్తాడు. దెబ్బ తగలగానే మెదడులో కాపలా కణాలు లేస్తాయట, చచ్చినదాన్ని తిని చోటు శుభ్రం చేస్తాయట. ఆ పని కాగానే అవి చల్లబడాలి. చల్లబడకపోతే బాగున్న మెదడును కూడా కొరకడం మొదలుపెడతాయి. సగం ఎలుకలకు మందిచ్చి, సగానికి ఇవ్వకుండా, ఏడో రోజున మెదళ్లు కోసి ఏ వరుస ఎలుకల్లో కణాలు చల్లబడ్డాయో చూస్తాడు ఈ మహానుభావుడు. ఆ ఏడు రోజులూ దెబ్బతిన్న ఎలుక పంజరంలో ఒంటరిగానే ఉండాలన్నది నియమం.

హన్మమ్మ పుట్టింది ఖిల్లా ఘణపూర్‌లో, గొర్రెలు కాసే ఇంట్లో. కోట గుట్ట మీద జారిపడి తల పగిలిన గొర్రెను వాళ్లు మందలోంచి తీసి కట్టేస్తారు గానీ ఒంటిగా కట్టరు. దాని ఈడుదాన్ని ఒకదాన్ని పక్కన కడతారు. ఒంటిగా ఉన్నది గడ్డి ముట్టదు. మందు లేని వరుసలో కొన్ని ఎలుకలు మేత ముట్టకుండా మూలకు ముడుచుకుంటే హన్మమ్మకు ప్రాణం ఉసూరుమంది. సాయంత్రం గది మూసేటప్పుడు వాటి దగ్గర ఒక్కో మంచి ఎలుకను వదిలేది. పొద్దున సారు రాకముందే తీసేసేది. అవి మేత తిన్నాయి.

మందు తీసుకోని ఎలుకల్లో కూడా చాలావాటికి కణాలు చల్లబడ్డాయి. అంటే మందు చేసిందేమీ లేదన్నమాట. భానుప్రకాశ్ వారం రోజులు జుట్టు పీక్కుని, రెండో విడత ఎలుకలతో మళ్లీ మొదలుపెట్టాడు. ఒకనాడు పొద్దున్నే వచ్చి చూస్తే కొన్ని పంజరాల్లో రెండేసి ఎలుకలున్నాయి.

"ఇది నీ గొర్ల దొడ్డి అనుకున్నవా? ఎన్నాళ్లసంది చేస్తున్నవ్ గిట్ల?"

"మొదటిసంది."

"నా ఏడాది కష్టం మట్టిల కలిపినవ్ గదనే!"

"వాటి తలలు పగలగొట్టింది నువ్వు. నేను ఇంత మేత తినిపించిన."

మధ్యాహ్నానికి అతను ఒక కాగితం తెచ్చి ఆమె ముందు పడేశాడు. హన్మమ్మ అయిదో తరగతి దాకా చదివింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. నిర్లక్ష్యం వల్ల ఎలుకలను కలిపేశానని ఉంది.

"నిర్లక్ష్యం కాదు సారూ. తోడు కోసం పెట్టిన అని రాయ్. తప్పైతె తప్పే. సంతకం పెడ్త."

"నువ్వు నాకు చెప్తవా? పెడ్తె ఊడ్చే పనన్న మిగుల్తది. లేకుంటె ఇప్పుడే నడువ్."

ఈ పని పోతే ఆమెకు దిక్కు లేదు. భర్త పోయాడు, గొర్రెలు ఆయన దవాఖాన ఖర్చుకే అమ్ముడుపోయాయి. పెన్ను అందుకుంది. ఆరేళ్లలో ఒక్క పూట కూడా మేత మరిచింది లేదు. నిర్లక్ష్యం అన్న మాట కింద తన పేరు రాయడానికి చెయ్యి రాలేదు. తాళంచెవి బల్లమీద పెట్టి బయటికి నడిచింది.

మెట్ల దగ్గర భానుప్రకాశ్ పరుగున వచ్చి అందుకున్నాడు. గొంతు మారిపోయింది.

"అమ్మా, జర ఆగు. మొదటి విడతల తోడు పెట్టింది ఏయే ఎలుకలకు? గదొక్కటి చెప్పు. ఒంటిగ ఉన్నయి వేరు, జోడున్నయి వేరు చేస్తె నా పని నిలబడ్తది."

చెవి మడతపడ్డది, తోక కొస తెగింది, ఎడమకు వాలి నడిచేది, హన్మమ్మకు ఒక్కొక్కటీ పంజరం నంబరుతో సహా కళ్లముందే ఉంది.

"నిర్లక్ష్యంగ పెట్టిన గద సారూ," అంది. "యాదికెట్లుంటది?"