కోతి తోసిన రెండో మెట్టు

నాగభూషణరావు గారి మొసలి ఒక్కో ఏడాది ఒక్కో పొడుగుండేది. కుర్రతనంలో ఆయన సాగర్ కాలువలో కొట్టుకొచ్చిన మొసలిని పట్టి, తువ్వాలతో మూతి కట్టి, బండికి పూన్చి వినుకొండ సంతకు తోలుకెళ్లాడట. ఈ కథ విన్నవాళ్లే మళ్లీ మళ్లీ విని నవ్వేవాళ్లు. కోడలు రమాదేవి మాత్రం వంటింట్లోంచే పట్టుకునేది.

"పోయినేడు ఏడడుగులన్నారు మామయ్యా. ఇప్పుడు పదకొండైందేంది?"

"చచ్చాక కూడా పెరుగుద్దమ్మా మొసలి. కాన్వెంటులో మా సిస్టరమ్మ చెప్పింది."

"సంతకు బతికున్నదాన్నేగా తోలుకెళ్లింది?"

అరుగు మీద కూర్చున్నవాళ్లు గొల్లున నవ్వేవాళ్లు. అందరికంటే ఎక్కువ నవ్వేది నాగభూషణరావే. ఆయన కథ చెప్పేదే ఆ దొరికిపోవడం కోసమని ఊళ్లో కొందరికి అనుమానం.

ఈపూరు మండలంలో వాళ్లది మిరప పండించే ఊరు. ఆయన చిన్నప్పుడు గుంటూరులో హాస్టల్లో ఉండి కాన్వెంటులో పదో తరగతి దాకా చదివాడు. ఆ చదువుతో ఉద్యోగం రాలేదు గానీ, చక్కటి ఇంగ్లీషు, బడి నోటుపుస్తకంలా గుండ్రటి సంతకం వచ్చాయి. ఊరికి ఏ ఆఫీసరు వచ్చినా మాట్లాడేది ఆయనే. ఆయన చెప్పిన అబద్ధాల వల్ల ఎవరికీ ఏనాడూ చీమ కుట్టినంత నష్టం జరగలేదు. ఒక్కటి తప్ప.

రమాదేవి పక్క ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. ముప్పై రెండు మంది పిల్లల బరువులు రిజిస్టరు తెరవకుండా చెప్పేది. ఏ బిడ్డకు ఏ నెలలో ఏ టీకా పడిందో తల్లులే వచ్చి ఆమెనడిగేవాళ్లు. అలాంటి మనిషి ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, అయిదు గంటలకు, స్కూటీ మీద ఇంటికొస్తోంది. హెల్మెట్ డిక్కీలో ఉంది. మిరప బస్తాల లోడుతో కళ్లంలోంచి వస్తున్న ట్రాక్టరు ముందూ వెనకా చూడకుండా రోడ్డెక్కింది. దాని వెనక తొట్టి మూల ఆమె తలకు తగిలింది.

ఎదురుగా పంక్చరు షాపు ముర్తుజా పరుగెత్తి లేవదీశాడు. ఆటోలో ఇంటికి తెచ్చాడు. చెవి పైన చిన్న గాటు, కాస్త నెత్తురు, అంతే. రమాదేవి మంచినీళ్లడిగి తాగింది. తన ఫోనేదని అడిగింది. భర్త నవీన్ ఆ రోజు గుంటూరు మిర్చి యార్డులో ఉన్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్లాల్సింది మామగారే.

అప్పుడే కారేసుకుని వచ్చాడు సుధీర్ బాబు. ట్రాక్టరు అతనిదే. నాగభూషణరావుకు కొడుకు వరస. పైగా ఒకే పార్టీ. రాబోయే ఎన్నికల్లో సర్పంచిగా నిలబడమని అతన్ని ఒప్పించిన పెద్దల్లో నాగభూషణరావూ ఒకడు. నరసరావుపేట దారిలో స్టీరింగు తిప్పుతూ అతను చెప్పాల్సింది చెప్పాడు.

"బాబాయ్, బండి గుద్దిందంటే ఆస్పత్రోళ్లు స్టేషనుకి చెప్తారు. రేపు పొద్దున్నే అవతలోళ్లు నా మీద జెండా ఎత్తుతారు. మన ట్రాక్టరు మీద మనమే కేసు పెట్టుకుంటామా? వైద్యం సంగతి నేను చూసుకుంటాగా. వదిన నాకు మాత్రం పరాయిదా?"

నాగభూషణరావుకు అందులో తప్పేమీ కనిపించలేదు. మనవాళ్ల గొడవ మనలోనే తేల్చుకోవాలి, స్టేషను గడప తొక్కితే అవతలి పార్టీకి పండగ. డెబ్బై ఏళ్లుగా ఆ ఊరు ఆయనకు నేర్పింది అదే. వెనక సీట్లో రమాదేవి బాగానే మాట్లాడుతోంది కదా.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు చిన్నపిల్ల. ఇంకా మాటలో బిడియం పోలేదు. ఏం జరిగిందని ఇంగ్లీషులో అడిగింది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. పోలీసుల దాకా పోకుండా ఉండాలంటే దెబ్బ చిన్నదై ఉండాలి. నమ్మాలంటే కథ పెద్దదై ఉండాలి. కోడలు మేడ మీద వడియాలు ఎండబెట్టిందనీ, కోటప్పకొండ కోతుల మంద దిగిందనీ, బుగ్గ మీద గాటున్న ముసలికోతి ఆమె కొంగు పట్టి లాగిందనీ, ఆమె మేడ మెట్ల మీద, కింద నుంచి రెండో మెట్టు దగ్గర జారిందనీ చెప్పాడు. డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ అంతా రాసుకుంది. కింద ఆయన గుండ్రంగా సంతకం చేశాడు.

మంచం మీదున్న రమాదేవి కళ్లు తెరిచింది.

"మామయ్యా, కోతేంది..."

"నువ్వు మాట్లాడకమ్మా. అలిసిపోతావు," అని ఆయన ఆమె చెయ్యి నిమిరి, కన్ను గీటాడు.

డాక్టర్ల లెక్కలో రెండో మెట్టు మీద నుంచి జారిన మనిషి, తెలివిలో ఉండి మాట్లాడుతోంది. గాటుకు కుట్లేసి, సెలైన్ పెట్టి, కనిపెట్టి చూద్దామన్నారు. రెండు గంటల తర్వాత వాంతి చేసుకుంది. తర్వాత మాట ముద్దముద్దగా వచ్చింది. నర్సు టార్చి వేసి చూస్తే ఒక కంటిపాప రెండోదాని కంటే పెద్దదిగా ఉంది. అప్పుడు స్కానింగుకు తోసుకెళ్లారు. పుర్రెకూ మెదడుకూ మధ్య నెత్తురు చేరి మెదడును నొక్కుతోందన్నారు. తల తెరిచి ఆపరేషన్ చేశారు. ఉరుకులు పరుగుల మీద వచ్చిన నవీన్‌కు తండ్రి, స్కూటీ ఇసకలో జారిందని చెప్పాడు. ఊరికీ అదే చెప్పాడు. ముర్తుజా చేతులు పట్టుకుని నోరు కట్టేశాడు. ఆ పూట సంగతి రమాదేవికే గుర్తు లేకపోయింది కాబట్టి కాదనేవాళ్లు ఎవరూ లేరు.

పద్దెనిమిది రోజులకు ఇంటికొచ్చింది. నడిచింది, తిన్నది, పలకరించింది. గండం గడిచిందనుకున్నారు. ఆ తర్వాత ఒక్కొక్కటీ బయటపడింది. ఎడమ చేతికి పట్టు లేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగానే మళ్లీ పెట్టబోయేది. నలుగురు మాట్లాడితే చెవులు మూసుకునేది. ఒకరోజు ఉప్పు తక్కువైందన్నందుకు కంచం తీసి నవీన్ మీదకు విసిరింది. తర్వాత ఎందుకు విసిరిందో తెలియక ఏడ్చింది. ఊళ్లో ఆడవాళ్లు తాయెత్తు కట్టించమన్నారు. ఒకావిడ ఏకంగా పిచ్చి అనేసింది.

"పిచ్చి కాదు. కాలు విరిగితే కుంటుతారే, అట్లాగే ఇది," అన్నాడు నరసరావుపేటలో ఫిజియోథెరపీ చేసే అతను. వస్తువులన్నీ ఎప్పుడూ ఒకేచోట ఉంచాలని, ఒకసారికి ఒకే పని చెప్పాలని, రోజూ గుర్తుంచుకోవాల్సినవి ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టాలని నేర్పాడు. వేళ్ల కోసం మిరపకాయల తొడిమెలు తీయించమన్నాడు. ఏడాది, రెండేళ్ల పాటు కుదుటపడుతూనే ఉంటుందని, మధ్యలో మానొద్దని మరీ మరీ చెప్పాడు.

ఒక సాయంత్రం ఆమె దిగులుగా కూర్చుంటే నాగభూషణరావు మొసలి కథ ఎత్తుకున్నాడు. రెచ్చగొడదామని దాన్ని పద్నాలుగు అడుగులు చేశాడు. రమాదేవి చిన్నపిల్లలా కళ్లు పెద్దవి చేసుకుని విన్నది.

"నిజంగానా మామయ్యా? మీకు భయమెయ్యలా?"

ఆయన కథను సంత దాకా తీసుకెళ్లలేకపోయాడు. మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

మూడో నెల చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఒంటరిగా సర్జను గదిలోకి పోయి, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పి, ఒక్కమాట అడిగాడు. సర్జను పెన్ను మూత పెట్టి పక్కనుంచాడు.

"బండి గుద్దిందని చెప్పుంటే రాగానే స్కానింగుకి పంపేవాళ్లమండీ. అప్పుడు ఎంత మిగిలేదో నేను చెప్పలేను. ఏమీ తేడా ఉండేది కాదని మాత్రం అనలేను."

ఎన్నికలు దగ్గరపడేకొద్దీ సుధీర్ బాబు రావడం తగ్గింది. తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. అతనిచ్చే డబ్బు ఆగిపోయాక ఫిజియోథెరపీకి నరసరావుపేట ప్రయాణాలు వారానికి మూడు నుంచి ఒకటికి తగ్గాయి. జూలై ఆఖర్లో నవీన్ పొలం నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా తండ్రి ముందు నిలబడ్డాడు.

"ముర్తుజా చెప్పాడు. నువ్వు చెప్పు, వింటా."

తండ్రి మొత్తం చెప్పాడు. ఆస్పత్రి సంగతీ, సర్జను అన్నమాటా దాచలేదు. నవీన్ గొంతు పెంచలేదు.

"ఊరందరికీ చెప్పినట్టే నాకూ చెప్పావు గదా నాన్నా," అన్నాడు.

మర్నాడు తండ్రీకొడుకులు వినుకొండ కోర్టు ఆవరణలో న్యాయసేవల కార్యాలయానికి వెళ్లారు. ఆడవాళ్ల తరఫున అక్కడ లాయరును ఊరికే ఇస్తారని ముర్తుజాయే చెప్పాడు. లాయరు దయామణికి నలభై ఏళ్లుంటాయి. మాట మిరపకాయ.

"ఇన్నాళ్లు ఏం చేస్తున్నారండీ? ప్రమాదం జరిగిన ఆర్నెల్లలోపు నష్టపరిహారం క్లెయిము వెయ్యాలి. పందొమ్మిది రోజులుంది. ముందు స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వండి. ఆస్పత్రి కాగితాలు చిన్న చీటీతో సహా తీసుకురండి. మెడికల్ బోర్డు దగ్గర వైకల్యం సర్టిఫికెట్టుకి పెట్టండి. పైకి బానే కనపడుద్ది గదా అని చేతికి మాత్రమే రాయించుకోవద్దు, మతిమరుపూ కోపమూ కూడా రాయించాలి."

"ఫిర్యాదు ఇంత ఆలస్యమైంది గదండీ," అన్నాడు నవీన్.

"ఆలస్యమైతే కేసు పోదు. ఆలస్యం ఎందుకైందో చెప్పాలి." ఆమె నాగభూషణరావు వైపు తిరిగింది. "ఆ ఎందుకు మీరే. బోనెక్కి అబద్ధం చెప్పానని చెప్పాలి."

"చెప్తానమ్మా."

"చెప్తారు. నమ్మాలి గదా."

పోలీసులు ముర్తుజాను విచారించి ట్రాక్టరు మీద కేసు కట్టారు. సుధీర్ బాబు అరుగు ముందు కారాపి, దిగకుండానే, "చానా గొప్ప పని చేశావు బాబాయ్," అని వెళ్లిపోయాడు. సొంత పార్టీవాళ్లే అరుగెక్కడం మానేశారు. కథలు ఆగిపోయి అప్పటికే నాలుగు నెలలైంది కాబట్టి ఆయనకు పెద్ద తేడా తెలియలేదు.

నరసరావుపేట కోర్టులో ట్రాక్టరు ఇన్సూరెన్సు కంపెనీ తరఫు లాయరు నెమ్మదస్తుడు. ముందు ఆస్పత్రి కాగితం చూపించాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"మీరు మొసలిని బండికి పూన్చి సంతకు తోలారని ఊళ్లో చెప్తారు. నిజమా?"

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నాగభూషణరావు బోను కర్ర పట్టుకున్నాడు.

"కాదండీ. మొసలి లేదు."

"మొసలి లేదు. కోతి లేదు. ట్రాక్టరు మాత్రం ఉందంటారు."

"ఉందండీ."

లాయరు ఇంకేమీ అడగకుండా కూర్చున్నాడు. డెబ్బై ఒక్క ఏళ్ల వయసులో నాగభూషణరావు మొదటిసారి తన మాట నమ్మమని మనసులో బతిమాలుకున్నాడు. బయటికొచ్చాక దయామణి చెప్పింది, ముర్తుజా సాక్ష్యం బాగుంది, కానీ దానికి అడ్డంగా ఆ ఆస్పత్రి కాగితం నిలబడి ఉంది. కోతి కథ తప్పని తేల్చే ఆధారం ఒక్కటన్నా దొరికితే బాగుండు.

ఆ సాయంత్రం వాకిట్లో నవీన్ కాగితం నకలు తండ్రి ముందు పెట్టాడు. ఇంగ్లీషులో ఉంది, ఏం రాయించావో తెలుగులో చెప్పమన్నాడు. నాగభూషణరావు ఆ రోజు తర్వాత దాన్ని కళ్లతో చూడలేదు. కోర్టులో కూడా సంతకం తప్ప పైకి చూపు పోనివ్వలేదు. ఇప్పుడు అక్షరం అక్షరం చదివి చెప్పసాగాడు. పక్కన రమాదేవి తొడిమెలు తీస్తోంది. వడియాలు, కోతుల మంద, గాటున్న బుగ్గ. సొంత ఇంటి మేడ మెట్లు, కింద నుంచి రెండోది.

ఆమె చేతులు ఆగాయి.

"మనకి మెట్లేవి మామయ్యా?"

ఇద్దరూ తల ఎత్తి చూశారు. తాతలనాటి పెంకుటిల్లు. మేడా లేదు, మెట్లూ లేవు.

"వడియాలు వాకిట్లో నులకమంచం మీద గదా పెట్టేది. అబద్ధమాడినా అతికేటట్టు ఆడరు మీరు."

అది పాత రమాదేవి గొంతు. నాగభూషణరావు కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె మళ్లీ మిరపకాయ చేతిలోకి తీసుకుని, ఏం చేస్తోందో మరిచిపోయి, దాని వైపే చూస్తూ కూర్చుంది.

ఇంటి పన్ను రసీదులో పెంకుటిల్లు అని ఉంది. పంచాయతీ కార్యదర్శి వచ్చి చూసి రాసిచ్చాడు. దయామణి ఫోటోలు తీయించి కోర్టులో పెట్టింది. తీర్పు మరుసటి ఏడాది వచ్చింది. ప్రమాదం ట్రాక్టరు వల్లే జరిగిందని, ఆస్పత్రిలో చెప్పిన కారణం అసలు జరగడానికే వీల్లేనిదని జడ్జిగారు రాశారు. నష్టపరిహారం డబ్బుతో నరసరావుపేట ప్రయాణాలు మళ్లీ వారానికి మూడయ్యాయి. రమాదేవి ఇప్పుడు జడ వేసుకోగలదు, కాఫీ పెట్టగలదు. పిల్లల బరువులు మాత్రం తిరిగి రాలేదు. అంగన్‌వాడీకి వేరే ఆమె వచ్చింది.

ఆమె నోటుపుస్తకంలో మొదటి పేజీ నాగభూషణరావు రాసింది. నీ తలకు దెబ్బ సుధీర్ బాబు ట్రాక్టరు వల్ల తగిలింది. కోతి లేదు. ఆస్పత్రిలో అబద్ధం చెప్పింది నేను. కింద గుండ్రటి సంతకం.

రోజూ పొద్దున్నే ఆమె ఆ పుస్తకం మొదటి నుంచి చదువుకుంటుంది. చాలా రోజులు అది ఆమెకు కొత్త సంగతే. ఒక్కోరోజు కోపంగా లేచి వెళ్లిపోతుంది. ఒక్కోరోజు కోతి అన్నమాటకు నవ్వుతుంది. ఆ పేజీ చించెయ్యమని నవీన్ చాలాసార్లు చెప్పాడు.

"ఉండనీరా," అంటాడు తండ్రి.

కాఫీ గ్లాసు పట్టుకుని ఆయన ఎదురుగా కూర్చుంటాడు. ఆమె పేజీ మీద వేలు పెట్టి తల ఎత్తుతుంది.

"ఎందుకు చెప్పారు మామయ్యా?"

ఆయన రోజూ, మొదటిసారి అడిగినట్టే, ఉన్నది ఉన్నట్టు చెప్తాడు. ఒక్క అడుగు కూడా పెంచడు.