నాలుగో మేకు

తొమ్మిదేళ్లుగా ఒక మేకు బరువు మోస్తున్నాను. చిటికెన వేలంత కూడా ఉండదది. నా భార్యకు చెప్పలేదు. మసీదులో నా పక్కన నిలబడేవాళ్లకూ చెప్పలేదు. మీకు నా పేరు తెలియదు కాబట్టి మీకు చెప్తున్నాను.

ముందే ఒక మాట. నేను పని రానివాణ్ని కాను. వనపర్తి చుట్టుపక్కల ఎద్దులకు నాడాలు కొట్టడంలో నన్ను మించినవాడు లేడు. గొప్పలు కాదు, సంతలో ఎవరినైనా అడగండి. మా నాయన దగ్గర నేర్చుకున్నాను. ఎద్దును తాళ్లతో పడేసి, నాలుగు కాళ్లూ కట్టేసి, గిట్టకు ఇనప నాడా పెట్టి మేకులు దించుతాం. కట్టేసిన ఎద్దు ఎట్లాగూ గింజుకుంటుంది. గింజుకున్నప్పుడల్లా ఆగితే పొద్దు గుంకుతుంది తప్ప పని తెమలదు. అందుకే గింజులాటను పట్టించుకోకపోవడమే మా పనిలో మొదటి పాఠం. నా పొరపాటు అక్కడ పుట్టింది. నా తప్పు మాత్రం అది కాదు.

బిజినేపల్లి దగ్గర హైదరాబాద్ సారు ఒకాయనకు తోట ఉండేది. ఆయన రేసు గుర్రం వానాకాలంలో విశ్రాంతికి అక్కడికి వచ్చేది. కాగితాల మీద దానికి పొడుగాటి ఇంగ్లిష్ పేరు. దాన్ని సాకే బాలన్నకు మాత్రం అది ‘చిన్నోడు’. బాలన్నది వీపనగండ్ల, నాకంటే పెద్దవాడు. గుర్రాన్ని ‘వాడు’ అనే అనేవాడు. ఆ అలవాటు నాకూ అంటుకుంది.

పిల్లగా ఉన్నప్పుడు చిన్నోడు బక్కగా ఉండేవాడట. మెడ మీద సుడి మంచిది కాదని కొనడానికి వచ్చినవాళ్లంతా వెనక్కి పోతే సారు చవకగా తెచ్చుకున్నాడు. రెండేళ్ల వయసులో పరుగెత్తిన మొదటి పందెంలో అందరికంటే వెనక వచ్చాడు. మూడో ఏడు నుంచి మాత్రం వాణ్ని ఆపినవాడు లేడు. హైదరాబాద్, బెంగళూరు, ముంబై, ఎక్కడికి పోతే అక్కడ కప్పు వాడిదే. చివరి మలుపు దాకా వెనకే ఉండి, అక్కడి నుంచి మిగతా గుర్రాలు నిలబడి ఉన్నాయా అన్నట్టు దాటిపోయేవాడు. ఫోన్లో ఎన్నిసార్లు చూశానో. గెలిచిన రోజు దండలు సారుకు పడేవి. బాలన్న వాడి కాళ్లు కడిగి, పక్కనే కూర్చునేవాడు.

ఆ ఏడు విశ్రాంతి ముగిసి పెద్ద పందేనికి పోయే రోజులు దగ్గరపడుతుండగా ముందుకాలి నాడా వదులైంది. పట్నం నుంచి నాడాలు కొట్టే మనిషి రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. ఆగుదామన్నాడు బాలన్న. సారు మాత్రం నాకు కబురు పెట్టాడు. వేల ఎద్దులను చూసిన చేతికి ఒక్క గుర్రం ఎంత అనుకున్నాను. పట్నం వాడికంటే బాగా కొట్టి చూపించాలన్న దురద కూడా ఉంది.

మూడు మేకులు చక్కగా దిగాయి. నాలుగోది కొడుతుంటే చిన్నోడు కాలు లాక్కున్నాడు. గట్టి గిట్టలో దిగే మేకు ఖంగుమంటుంది. ఇది మెత్తగా దిగింది, అంటే లోపలి పచ్చి మాంసంలోకి. నాకు వినపడిందా? వినపడింది. వెంటనే లాగేయొచ్చు కదా? లాగలేదు. ఇంకో దెబ్బ వేశాను.

రెండో రోజు పొద్దునకల్లా వాడు కాలు మోపలేకపోయాడు. కబురు విని పోయాను. బాలన్న పశువుల డాక్టరును తీసుకురావడానికి పోయిన సందులో నాడా విప్పాను. మేకు కొసన నెత్తురు తడి. దాన్ని ప్యాంటుకు తుడిచి జేబులో వేసుకున్నాను. రంధ్రాన్ని మట్టితో పూడ్చి, పక్కన ఇంకో మేకు కొట్టి నాడా బిగించాను. మేకులు సరిగ్గానే పడ్డాయా అని డాక్టరు అడిగితే, నా చేతిని శంకించిన మొదటి మనిషివి నువ్వే అన్నట్టు చూశాను. నమ్మేశాడు. నిజం చెప్పి ఉంటే ఆ పూటే గిట్ట కోసి చీము తీసేవాడు, కొన్నాళ్లకు చిన్నోడు మామూలుగా నడిచేవాడు. రాయి దెబ్బ అనుకుని పట్టీలు వేశారు. లోపల చీము ఎముక దాకా పోయింది.

డాక్టరు పోయాక బాలన్న నా దగ్గరికి వచ్చాడు.

“భాయ్, నీ మేకేమన్న లోపటికి దిగిందా? జర నిజం చెప్పు. నేనేమనుకోను. సారుకు నేను చెప్పుకుంట.”

“ఏందన్నా, సుత్తె నిన్నమొన్న పట్టిననుకున్నవా? నువ్వే రాళ్లల్ల తిప్పినట్టున్నవ్. యాది చేస్కో.”

బాలన్న వంగి చిన్నోడి కాలి పట్టీ సర్దాడు.

“మొన్న కాల్వ గట్టు దిక్కు తోల్కపోయిన. రాళ్లున్నయో ఏమో... నేనే చూస్కోలేదేమో భాయ్.”

ఆ గట్టంతా మెత్తటి మట్టేనని నాకు తెలుసు. బాలన్నకూ తెలుసు. అయినా తన కళ్లకంటే నా మాటనే ఎక్కువ నమ్మాడు. తనే పోయి తప్పు తనదేనని సారుకు చెప్పుకున్నాడు. సారు అప్పటికప్పుడు బాలన్నను పనిలోంచి తీసేశాడు. చిన్నోడు మళ్లీ ఏ పందెంలోనూ పరుగెత్తలేదు. ఆ తోటలోనే కుంటుతూ నాలుగేళ్లు బతికి కన్నుమూశాడు. బాలన్న అప్పుడప్పుడు వచ్చి గేటు బయటి నుంచే చూసి పోయేవాడని తోటమాలి చెప్పినప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా నోరు విప్పలేదు.

ఎందుకు విప్పలేదు? పని పోతుందనా? ట్రాక్టర్లు వచ్చి ఎద్దులే లేకుండా పోతుంటే పని ఎట్లాగూ నిలబడేది కాదు. పేరు కోసం. ‘వాని చెయ్యి మంచిది’ అంటారు చూడండి, ఆ ఒక్క మాట కోసం ఒక మనిషి తనను తానే నమ్ముకోకుండా చేశాను.

పోయిన నెల వనపర్తిలో ఒక షాదీలో బాలన్న కలిశాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని తన వాళ్ల దగ్గరికి లాక్కుపోయాడు.

“అందరు నా ముందల మంచిగ మాట్లాడి ఎనక అనుకున్నరు. గీ భాయ్ ఒక్కడే తప్పు నాదని మొకం మీద నిజం చెప్పిండు. గిట్లాంటి మనిషి దొరకడు” అన్నాడు.

అని నా ప్లేటులో తనే దగ్గరుండి బిర్యానీ వేయించాడు. నేను తిన్నాను. అది కూడా దాచను, తిన్నాను.

మాఫీ అడగడం లేదు. ఇవ్వాల్సింది మీరు కాదు. బాలన్న ముందు ఈ నోరు పెగులుతుందో లేదో నాకే తెలియదు. చిన్నోడి కాలు పోగొట్టింది నేను, బాలన్న కాదు. ఈ ముక్క తొమ్మిదేళ్లలో ఇవాళే బయటికి వచ్చింది. ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అంతమాత్రాన మంచివాణ్ని అయిపోలేదని నాకు తెలుసు.