ముందుగదిలో ప్రింటరు
మా ఇంట్లో కోపం వచ్చినప్పుడు మర్యాద పెరుగుతుంది. మామూలు రోజుల్లో "వదినా, కాఫీ ఉందా" అని అడిగే మా మరిది, మనసులో ఏదైనా పెట్టుకున్నాడంటే "వదినగారూ, మీకు వీలైతే" అంటాడు. ఆ ఎండాకాలమంతా నేను వదినగారినే.

పటమటలో మా మామగారు కట్టించిన ఇల్లది. ఆయన పోయాక కింద మేమూ, పైన మరిదీ తోడికోడలూ ఉండేవాళ్ళం. వంటిల్లు మాత్రం ఒకటే. వీధివైపు ముందుగదిలో నా కంప్యూటరు ఉండేది. శుభలేఖలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, చిన్న చిన్న పుస్తకాలు తెలుగులో టైపు చేసి, పేజీలు కట్టి ఇవ్వడం నా పని. కంప్యూటరు పాతది. అందులోని తెలుగు సాఫ్ట్‌వేరు ఇంకా పాతది, దాన్ని తయారుచేసినవాళ్ళు ఎప్పుడో దుకాణం మూసుకున్నారు. అందులో కొట్టిన మేటరు కొత్త కంప్యూటర్లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ కలిసిన చెత్త కనబడుతుంది. ఇన్నేళ్ళుగా నేను చేసిందంతా ఆ డబ్బాలోనే ఉంది కాబట్టి దాన్ని మార్చాలని నేనెప్పుడూ అనుకోలేదు.

మరిదికి ఆ గది కావాలి. స్థలాల వ్యాపారం మొదలుపెట్టాడు. వీధిలోకి తలుపున్న గదైతే ఆఫీసుకి బాగుంటుందని మా ఆయనతో అన్నాడు. మా ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆయనకి ఏ విషయమైనా దానంతటది చల్లబడిపోతుందని నమ్మకం. అప్పట్నించి మరిది నా గది గుమ్మం దాటినప్పుడల్లా ఏదో ఒకటి అనేవాడు. ఆ కంప్యూటరు ఫ్యాను చప్పుడేంటనీ, దాన్ని మ్యూజియం వాళ్ళు వచ్చి పట్టుకెళ్ళలేదా అనీ. నేనూ ఊరుకోలేదు. ఫోనులో గజాల లెక్కలు గట్టిగా చెప్పేవాళ్ళకి నా ఫ్యాను చప్పుడు వినబడదనుకున్నానన్నాను.

సరిగ్గా అప్పుడే నా ప్రింటరు చచ్చిపోయింది. కూచిపూడి నుంచి ఒక నాట్యం టీచరుగారు తన శిష్యురాళ్ళ ప్రదర్శన కోసం పాటల పుస్తకం ఇచ్చి ఉన్నారు. పేజీలన్నీ సిద్ధం, తెల్లకాగితం మీద శుభ్రంగా తీసి ప్రెస్సుకి పంపడమే మిగిలింది. రిపేరు షాపువాళ్ళు ఆ మోడలుకి సామాన్లు దొరకవని తేల్చేశారు. ఆ సాయంత్రం మరిది, తను బజారుకే వెళ్తున్నాననీ కొత్త ప్రింటరు తెస్తాననీ అన్నాడు. ఎంతైనా ఇంటి మనిషే కదా అనుకున్నాను.

తెచ్చాడు. మంచి ప్రింటరే. దాంతో వచ్చిన సీడీ వేస్తే, ఈ కంప్యూటరుకి ఇది పనిచేయదని ఒక వాక్యం వచ్చి ఆగిపోయింది. మళ్ళీ వేసినా అదే వాక్యం. మరిది వెనకాల నిలబడి చూస్తూ, "నేను చెప్తూనే ఉన్నానండీ వదినగారూ. ఇప్పటికైనా ఆ పాతసామాను తీసేయండి" అన్నాడు. ఆ అనడంలో తొందర ఉంది. రేపు మనుషుల్ని పిలిచి గది ఖాళీ చేయిద్దామని కూడా అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ప్రింటరు అట్టపెట్టె మీదున్న నంబరుకి ఫోను చేశాను. షాపాయన మర్యాదగానే మాట్లాడాడు. "నిన్న కొన్నాయనకి ముందే చెప్పామమ్మా, పాత సిస్టమ్‌కి ఇది రాదని. వేరేది చూపిస్తామన్నా ఇదే చాలన్నారండీ" అన్నాడు. నేను థాంక్స్ చెప్పి పెట్టేశాను. వంటింట్లో తోడికోడలు పప్పు తాలింపు పెడుతోంది. ఆమెకి తెలుసో లేదో నాకిప్పటికీ తెలియదు. ఆ పూట నేను అన్నానికి వెళ్ళలేదు.

తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను. ఫోనులో వెతికితే, ఎక్కడో ఎవరికో ఇదే తంటా వచ్చినట్టు రాసి ఉంది. కొత్త ప్రింటరు సీడీని పక్కన పడేయమనీ, కంప్యూటర్లో ముందునుంచీ ఉండే పాత ప్రింటర్ల పేర్లలోంచి ఒకటి ఎంచుకుని, మన ముందున్నది అదేనని కంప్యూటర్ని నమ్మించమనీ దాని సారాంశం. కొన్ని కొత్త ప్రింటర్లకి పాతవాటి భాష కూడా వస్తుందట. నేను ఎంచుకున్న మొదటి పేరుకి అది కాగితాలు కాగితాలుగా చెత్త కక్కింది. తీగ పీకేశాను. ఇంకో పేరుకి ఏమీ రాలేదు. చెమటకి కళ్ళు మండుతున్నాయి. మరిది మీద కోపాన్ని మౌసు మీద చూపిస్తూ ఒక్కో పేరే మార్చుకుంటూ పోయాను. మధ్యాహ్నం దాటాక ఒకదానికి తెలుగు వచ్చింది, కానీ ఒత్తులు అక్షరాల కింద ఉండకుండా పక్కకి జరిగిపోయాయి. అక్షరాలను బొమ్మలుగా పంపమనే ఏర్పాటు ఒకటి కనబడితే అది పెట్టాను. ఈసారి "కృష్ణ"లో ణావత్తు ఉండాల్సిన చోటే ఉంది.

నేను నవ్వలేదు. పుస్తకం మొత్తం ప్రింటు పెట్టాను.

చప్పుడు విని మరిది మెట్లు దిగివచ్చాడు. గడియ తీశాను. మా ఆయన కూడా హాల్లోంచి లేచి వచ్చాడు. మరిది కాగితాల వైపు చూసి, అది ఎలా పనిచేస్తోందని అడిగాడు.

"అది పనిచేయదని షాపులో నీకు ముందే చెప్పారటగా" అన్నాను. "తెలిసే తెచ్చావు."

అతను మా ఆయన వైపు చూశాడు. "అన్నయ్యా, ఈ ఇంట్లో నాకూ వాటా ఉంది" అన్నాడు. అడిగిందానికి అది జవాబు కాదు, కానీ అందరికీ జవాబు దొరికింది. మా ఆయన, "ఒక ప్రింటరు గురించి ఇంత అవసరమా" అని నన్నే అడిగాడు. తమ్ముణ్ణి ఏమీ అనలేదు. ఆ మాటకి మరిది మీదకంటే ఆయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. వాటా ఉంటే గది కావాలని ఎదురుగా అడగాలనీ, అడిగితే నేను ఎదురుగానే ఇవ్వనని చెప్పేదాన్ననీ అన్నాను. తర్వాత ప్రింటరులో కాగితాలు అయిపోతే కొత్తవి పెట్టడానికి ఇటు తిరిగాను.

నాట్యం టీచరుగారు పుస్తకాలు తీసుకెళ్ళారు, బాగున్నాయన్నారు. ఆ నెలలోనే మరిదివాళ్ళు పైన వేరే పొయ్యి పెట్టుకున్నారు. తోడికోడలు తన గిన్నెలు ఏరుకుంటుంటే నేను పక్కనే నిలబడి, ఏది ఎవరిదో చెప్పాను. మరిది రెండు వీధుల అవతల షాపు గది అద్దెకి తీసుకుని బోర్డు పెట్టాడు. ప్రారంభానికి పిలిచాడు. మా ఆయన ఒక్కడే వెళ్ళి స్వీటు డబ్బాతో తిరిగొచ్చాడు. నేను దాన్ని తెరవలేదు, చీమలు పట్టాక తీసి బయటపడేశాను.