కవరు తీయని కంప్యూటర్

మా అబ్బాయి కంప్యూటర్ తెచ్చిన రోజునే అది నాకు గిట్టలేదు. దుబాయ్ దగ్గరి అల్ ఐన్‌లో మేముండేది రెండు గదులు. ఉన్న ఒక్క బల్లా దానికే పోయింది. బియ్యం ఏరుకోవడానికి నేను నేల మీదికి దిగాను.

కోడలికి అవసరమన్నది నిజమే. ఇక్కడి ఇండియన్ బడిలో టీచరు ఉద్యోగం ఖాళీ పడింది. మూడో తరగతి లెక్కల ప్రశ్నపత్రాలు ఐదు, కంప్యూటర్‌లో కొట్టి ఫ్లాపీలో ఇమ్మన్నారు. అప్పట్లో గురు, శుక్రవారాలు సెలవు కాబట్టి బుధవారమే గడువు. ఆరేళ్లుగా ఆ పిల్ల ఎదురుచూస్తున్న ఉద్యోగం అది.

ఆ దరిద్రపు యంత్రం అరగంట పనిచేసి బిగుసుకుపోయేది. బాణం గుర్తు కదలదు. ఏ మీట నొక్కినా ఉలకదు, పలకదు. స్విచ్ ఆపి మళ్లీ వేస్తే కొట్టిందంతా మాయం.

"మళ్లీ పోయింది అత్తా!"

"పోక ఏం చేస్తది? చేత్తో రాసుంటే ఈపాటికి పది పేపర్లు అయ్యుండేవి."

"చేత్తో రాస్తే తీసుకోరంట."

"ఏం, చేతులకేమన్నా రోగమా వాళ్లకి?"

నా చదువు నాలుగో తరగతితో సరి. పనికిమాలిన వస్తువును గుర్తుపట్టడానికి అంతకన్నా అక్కర్లేదు. ఒకసారి దాన్ని చాచి కొట్టాను కూడా. నా చెయ్యే నొప్పి పుట్టింది.

మంగళవారం పొద్దున కంప్యూటర్ కొన్న కొట్టు నుంచి మనిషి వచ్చాడు, హైదరాబాదు అతను. బల్ల కిందికి వంగి అట్లాగే ఆగిపోయాడు.

మా ఇంట్లో కొత్త వస్తువుకి కవరు తీయం. ఫ్రిజ్ తలుపుకీ, టీవీ రిమోటుకీ వచ్చినవి వచ్చినట్టే ఉంటాయి. కంప్యూటర్ పెట్టెకి కూడా దాని ప్లాస్టిక్ సంచే తొడిగి, వైర్లకీ మీటకీ కంతలు కోసి, మిగతాది దారంతో బిగించాను. ఇసుక పడకుండా పైన పాత దుప్పటి. జూన్ ఎండల్లో కూడా, అబ్బాయి ఇంట్లో లేకపోతే ఏసీ వేయనిచ్చేదాన్ని కాదు.

"గిదేందమ్మా? దుప్పటి గప్పిన్రు, ఇగ జోల పాడుడే తక్కువ!"

"కొత్తది గదబ్బాయ్, దుమ్ము పడదా?"

"దీనికి గాలాడాలె. వేడి బయటికి పోయే తొవ్వ మూసిన్రు. చెయ్యి పెట్టి చూడు."

పెట్టాను. పెనం మీద పెట్టినట్టు చురుక్కుమంది.

"ఇట్లనే ఉంచితే ఖలాస్. యల్లా, జల్ది కత్తెర ఇయ్యి."

కోడలు నా వైపు చూడలేదు. మొదటి రోజే "కవరు తీసేద్దామా అత్తా?" అని అడిగింది. "మీ పుట్టింటోళ్లు కొనిచ్చారా, తీసి పారెయ్యడానికి?" అన్నాను నేను.

అతను కవరు కోసేసి వెళ్లాక ఏసీ వేశాం. ఆ తర్వాత కంప్యూటర్ ఒక్కసారి కూడా బిగుసుకుపోలేదు. కానీ అప్పటికి చేతిలో మిగిలింది ఒక్క పేపరే. బుధవారం పొద్దునకి మొత్తం నాలుగు పేపర్లయ్యాయి.

మధ్యాహ్నం ఇంటికొచ్చి కోడలు సంచీ కింద పడేసింది.

"ఏమన్నారు?"

"ఐదు అడిగితే నాలుగే తెచ్చావేంటన్నారు. వేరే ఆమెకి ఇచ్చేశారు."

"కంప్యూటర్ పాడైందని చెప్పలా?"

"కంప్యూటర్ పాడవలేదు గదా అత్తా."

ఆరేళ్లలో నాకు ఎదురు చెప్పడం అదే మొదలు.

"ఈ ఊళ్లో ఇంకో బడి లేదా? ఐదోది కూడా కొట్టి పెట్టుకో," అన్నాను, కసిరినట్టే. మెత్తగా అనడం నాకు రాదు.

తను వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆ రెండు సెలవు రోజులూ మా ఇంట్లో మాటల్లేవు, మీటల టకటక తప్ప.